దర్శనీయ స్థలం నంబరు పదమూడు

కాలిస్త్రా నగరం మధ్యధరా సముద్రం ఒడ్డున మూడు వేల ఏళ్లుగా ఉంది. ఆ ఊళ్లో ఏమేం చూడాలో నిర్ణయించే దర్శనీయ స్థలాల మండలి ఏర్పడి ఆరేళ్లయింది. అంతకు ముందు వచ్చినవాళ్లు ఏం చూసి వెళ్లారన్నది మండలికి ఇప్పటికీ అంతుపట్టని విషయం.

నా పేరు గెడ్డం సువార్త. మాది రాజోలు దగ్గర ఒక లంక. కాలిస్త్రాలో జెనోవియా అనే ఎనభై నాలుగేళ్ల ఆవిడకు వండిపెట్టి, మందులిచ్చి, చెయ్యి పట్టుకుని నడిపించే పనిలో పదకొండేళ్లుగా ఉన్నాను. ఆవిణ్ణి అమ్మమ్మా అని పిలుస్తాను. ఆ ఊరి భాష నాకు బాగా వచ్చు. అందువల్ల ఈ వ్యవహారమంతా మొదటి రోజు నుంచీ నా నోటి మీదుగానే నడిచింది. ఇందులో నేను ఒక్క మాట కూడా కల్పించలేదు. కల్పించాల్సిన అవసరం వాళ్లు రానివ్వలేదు.

ఆ ఊళ్లో చూడవలసినవి లేకపోలేదు. రేవు మీదికి వంగి చూస్తున్నట్టుండే కోట, నల్లరాతి లైట్‌హౌస్, రోమన్ల కాలంనాటి గుండ్రటి ఆటస్థలం, పాలరాతి కేథడ్రల్, ఇద్దరు పక్కపక్కన నడవలేని నిమ్మచెట్ల సందు. ఉదయం పదింటికి ఓడ దిగే నాలుగు వేల మందీ సాయంత్రం ఐదింటికల్లా ఇవన్నీ చూసి ఓడెక్కాలి. దేన్ని ముందు చూపించాలన్న దగ్గర గైడ్లు రోజూ కొట్టుకునేవారు. ఆ గొడవ తీర్చడానికి మండలి ఒక చట్టం చేయించింది.

“సంవత్సర కాలమున లక్ష పర్యాయములకు తగ్గకుండ ఛాయాచిత్రములందు బంధింపబడిన ఏ వస్తువైనను దర్శనీయ స్థలముగా పరిగణింపబడును. అట్టి వస్తువును కదల్చుట, మార్చుట, శుభ్రపరచుట, మరమ్మతు చేయుట, దేశము దాటించుట మండలి అనుమతి లేనిదే నేరము.”

వస్తువు అంటే ఏమిటో చట్టంలో రాయలేదు. రాయాల్సిన గుమాస్తా ఆ వారం సెలవులో ఉన్నాడట.

జనం ఇంటర్నెట్లో పెట్టిన ఫోటోలన్నిటినీ ఒక కంప్యూటరు లెక్కపెట్టి జాబితా ఇచ్చింది. కోట మొదటిది. లైట్‌హౌస్ రెండోది. కేథడ్రల్ పంతొమ్మిదోది కావడంతో బిషప్పుగారు మూడు ఆదివారాలు ప్రసంగం చెయ్యలేదు. పదకొండోది నిమ్మచెట్ల సందులో ఒక ఇంటివాళ్లు ఆరేసుకున్న బట్టలు. ఒక ఎర్ర గౌను, రెండు దిండు గలేబులు, ఒక మగవాడి నిక్కరు. వాటిని తీగ మీంచి తియ్యకూడదని నోటీసు వచ్చింది. ఆ ఇంటాయన కొత్త నిక్కరు కొనుక్కుని, ఉతికిన ప్రతిసారీ తలుపులు బిడాయించుకుని లోపల ఆరేసుకోవడం మొదలుపెట్టాడు.

పదమూడోది: రేవు మెట్ల మీద వల బాగు చేయు మత్స్యకారుడు.

అతను గరికిన నూకన్న. శ్రీకాకుళం జిల్లాలో ఇసకపాలెం అనే రేవు పల్లె నుంచి మూడేళ్ల కాంట్రాక్టు మీద చేపల పడవలో పనికి వచ్చాడు. వచ్చిన ఏడాదికే పడవ యజమాని స్టెలియోకు చేపలు పట్టడం కంటే జనాన్ని ఎక్కించుకుని సూర్యాస్తమయం చూపించడం సుఖమని తెలిసింది. పడవకు తెల్ల రంగు వేసి, కుర్చీలు బిగించాడు. ఉదయం పడవ కడగడం, సాయంత్రం తాళ్లు కట్టడం నూకన్న పని. మధ్యలో చేతులు ఊరుకోక, మూల పడేసిన పాత వల ఒకటి తెచ్చుకుని మెట్ల మీద కూర్చుని చిరుగులు కుట్టేవాడు. ఎండకు నల్లబడి, చెక్కినట్టుండే మొహం, వెనకాల నీలం నీళ్లు. ఓడ దిగినవాళ్లు వరసగా ఆగి ఫోటోలు తీసుకునేవారు. కాలిస్త్రా వాళ్లలో చేపలు పట్టేవాడు ఒక్కడూ మిగలలేదు. ఇళ్లన్నీ అద్దె గదులయ్యాక వాళ్లు కొండ అవతలికి పోయారు.

అతనూ నేనూ తెలుగు మాట వినడానికి మొహం వాచిన మనుషులం. మధ్యాహ్నం అమ్మమ్మను రేవు దాకా నడిపించుకొచ్చినప్పుడు అతనికి క్యారేజీలో అన్నం, చేపల పులుసు తెచ్చేదాన్ని. నన్ను అప్పా అనేవాడు. శ్రీకాకుళం వైపు అక్కను అలాగే పిలుస్తారు. ఆగస్టు ఆఖరుకు అతని కాంట్రాక్టు అయిపోతుంది. సెప్టెంబరు మొదటి వారంలో అతని భార్య పారమ్మకు నెలలు నిండుతాయి. డిసెంబరులో సెలవు మీద ఇంటికి వెళ్లొచ్చాక, పెళ్లయిన తొమ్మిదేళ్లకు వచ్చిన కడుపు. టిక్కెట్టు కొనేసి, దాన్ని ప్లాస్టిక్ సంచిలో చుట్టి చొక్కా జేబులో పెట్టుకు తిరిగేవాడు.

జూన్ నెలలో ఒక ఉదయం నన్ను రేవుకు పిలిపించారు. అమ్మమ్మను, నూకన్న క్యారేజీని వెంటబెట్టుకుని వెళ్లాను. మండలి అధ్యక్షురాలు వెరోనీ మేడమ్, ఆవిడ వెనక నలుగురు ఉద్యోగులు, ఒక ఇత్తడి పలక, ఎర్ర తాడు కట్టిన నాలుగు స్తంభాలు. నూకన్న లేచి నిలబడి చేతులు కట్టుకున్నాడు.

“ఏటప్పా, నానేటి సేసినాను? పోలీసోలా ఈలు?”

“కాదురా తమ్ముడూ. నువ్వు చూడదగ్గవాడివంట. నీకు నంబరిచ్చారు.”

“ఏటి సూస్తారు నాలో?”

ఆ ప్రశ్న నేను అనువదించాను. వెరోనీ మేడమ్ కళ్లజోడు తీసి తుడుచుకుంది. “తమ విలువ తమకు తెలియకపోవుటయే తమ ప్రామాణికతకు నిదర్శనము. నేటి నుండి తమరు ఒక వ్యక్తిగా ఏ విషయమునందును ఆందోళన చెందనక్కరలేదు. తమరు మానవజాతి ఉమ్మడి వారసత్వ సంపద.”

తర్వాత నిబంధనలు చదివారు. ఉదయం పది నుంచి ఐదు దాకా మూడో మెట్టు మీద కూర్చోవాలి. భుజం దగ్గర చిరిగిన నీలం చొక్కా తప్ప వేరేది తొడగకూడదు. గడ్డం ఎప్పుడూ నాలుగు రోజుల గడ్డంలాగే ఉండాలి, అందుకు మండలి మంగలి వస్తాడు. సెల్‌ఫోన్ నిషేధం, ఎందుకంటే ప్రాచీన మత్స్యకారుల దగ్గర అది ఉన్నట్టు ఆధారాలు లేవు. రొట్టె, ఉల్లిపాయ, ఆలివ్ కాయలు తప్ప మరేదీ జనం ఎదుట తినకూడదు. ఉద్యోగి ఒకడు నా క్యారేజీని రెండు వేళ్లతో ఎత్తి తాడు అవతల పెట్టాడు.

నూకన్న అంతా విన్నాడు. “అయిదు దాటినాక నాను మడిసినేనా అప్పా? అడుగు.”

అడిగాను. వెరోనీ మేడమ్ ఉద్యోగులతో కాసేపు చర్చించింది. “ఆ సమయమున తమరు భద్రపరచబడిన స్థితియందు ఉందురు,” అంది.

అతను నవ్వేశాడు. ఎంత, రెండు నెలలే కదా అనుకున్నాం. నేనూ నవ్వాను. అమ్మమ్మ ఒక్కతే నవ్వలేదు. “ఈ మెట్ల మీద మా నాన్న ముప్పై ఏళ్లు కూర్చున్నాడు. లేవమని చెప్పడానికి తప్ప ఏ ఆఫీసరూ రాలేదు,” అంది.

మూడు వారాలయ్యేసరికి చిక్కొచ్చింది. నూకన్న వల బాగు చేయడం పూర్తయిపోయింది. పనివాడు కనక అయిపోతుంది. అతను దాన్ని శుభ్రంగా మడిచి పక్కన పెట్టి, చేతులు ఒళ్లో పెట్టుకు కూర్చున్నాడు. ఆ రోజు ఓడ దిగినవాళ్లు మండలికి అరవై రెండు ఫిర్యాదులు ఇచ్చారు. పదమూడో నంబరు పనిచేయడం లేదని.

మర్నాడు మధ్యాహ్నం నేను, అమ్మమ్మ అక్కడే ఉన్నాం. భోజనం గంట కొట్టగానే మండలి ఉద్యోగి ఒకడు, యాభై ఏళ్ల పెద్దమనిషి, తాడు దాటి వచ్చి, వల విప్పి, సంచిలోంచి కత్తెర తీసి కోయడం మొదలుపెట్టాడు. నోట్లో రొట్టెముక్క ఉండగానే నూకన్న ఒక్క ఉరుకు ఉరికాడు.

“ఒరేయ్! ఆపరా! ఆపీరా!”

ఆ చెయ్యి గట్టిగా పట్టుకున్నాడు. ఆ పెద్దమనిషి రెండో చేత్తో జేబులోంచి కాయితం తీసి నాకిచ్చాడు. అందులో, “వల యందు ప్రతిదినము ముప్పదికి తగ్గకుండ రంధ్రములు లభ్యమగుచుండవలెను” అని ఉంది. కింద వెరోనీ మేడమ్ సంతకం.

“ఏటి రాసుంది?”

చెప్పాను. నూకన్న అతని చెయ్యి వదిలేశాడు. మెట్టు మీద కూలబడి, కోసిన చోట దారప్పోగులు వేళ్లతో దగ్గరికి తీసుకున్నాడు. “సేపల్నేనప్పుడు పస్తులున్నాం అప్పా. తుపానుకి తెప్ప పోయింది, మా అయ్య పోయినాడు. ఎవులమూ వల కొయ్యనేదు. సేతులెలా వచ్చినాయప్పా ఈడికి?”

కత్తెర ఉద్యోగి నావైపు తిరిగి, “నాకు ఇంకా ఇరవై రెండు మిగిలాయమ్మా, రెండు గంటలకు తనిఖీ ఉంది,” అన్నాడు. బాధపడుతూనే, లెక్క తప్పకుండా, మిగిలిన ఇరవై రెండూ కోసి వెళ్లాడు.

ఆనాటి నుంచి నూకన్న కుట్టినది కుట్టినట్టే మర్నాటికి చిరిగేది. మనిషిలో మాట తగ్గింది. ఫోటోల్లో ఆ దిగులు బాగా పడుతోందని మండలి వార్షిక నివేదికలో మెచ్చుకున్నారు.

ఆగస్టు ఇరవయ్యో తేదీన అతనికి ఒకే రోజు రెండు ఉత్తరాలు వచ్చాయి. విదేశీయుల శాఖ రాసింది: నెలాఖరు దాటి ఒక్క రోజు ఈ దేశంలో ఉన్నా అరెస్టు. మండలి రాసింది: దర్శనీయ స్థలాన్ని దేశం దాటిస్తే ఏడేళ్ల జైలు. దాటించేవాడూ దాటేవాడూ ఒకరే అయితే శిక్ష రెట్టింపు.

ఉత్తరాలు రెండూ పట్టుకుని ముందు విదేశీయుల శాఖకు వెళ్లాం. అక్కడి అధికారి రెండూ చదివి, మండలి ఉత్తరం తిరిగిచ్చేశాడు. “మా శాఖ మనుష్యులను మాత్రమే పరిశీలించును,” అన్నాడు. మండలికి వెళ్లాం. వెరోనీ మేడమ్ విదేశీయుల శాఖ ఉత్తరం తిరిగిచ్చేసింది. “మేము వస్తువులను మాత్రమే పరిశీలింతుము,” అంది.

“నానిక్కడే ఉన్నాను గదప్పా,” అన్నాడు నూకన్న. “ఇద్దురూ ఒక్కపాలి నన్ను సూసి సెప్పొచ్చు గదా.”

నేను రెండు ఆఫీసుల మధ్య నాలుగు రోజులు తిరిగాక ఉమ్మడి సమావేశం పెట్టారు. ఉదయం తొమ్మిదింటికి మొదలై సాయంత్రం నాలుగింటికి తెమిలింది. మధ్యలో రెండుసార్లు కాఫీ, ఒకసారి భోజనం, ఒకసారి అందరూ లేచి చప్పట్లు కొట్టడం కూడా అయింది. తీర్మానం నాకిచ్చి చదివి వినిపించమన్నారు.

“గరికిన నూకన్న అను విదేశీయుడు ఆగస్టు ముప్పది ఒకటవ తేదీన దేశము విడిచి వెళ్లవలెను. దర్శనీయ స్థలము నంబరు పదమూడు యథాస్థానమున ఉండవలెను. రెండు ఉత్తర్వులును ఏకకాలమున అమలు జరుపబడును.”

అమలు జరిపారు. ఆ తేదీన పోలీసులు మెట్ల దగ్గరికొచ్చి, అతని పాస్‌పోర్టు మీద దేశం విడిచి వెళ్లినట్టు ముద్ర వేసి, సెల్యూట్ చేసి వెళ్లిపోయారు. ఇక కాయితాల ప్రకారం నూకన్న ఆ దేశంలో లేడు. అతను టిక్కెట్టు కొన్న విమానం కూడా వెళ్లిపోయింది. అతను మాత్రం మూడో మెట్టు మీద కూర్చుని చూస్తున్నాడు.

నేను వెరోనీ మేడమ్ కాళ్లు పట్టుకోబోయాను. ఆవిడ కాళ్లు వెనక్కి తీసుకుని, ఒక దారి ఉందని చెప్పింది. అసలు వస్తువులకే నిషేధం. నకళ్లు స్వేచ్ఛగా దేశం దాటవచ్చు, దుకాణాల్లో అమ్మే బొమ్మల్లాగా. నూకన్న నకిలీ కాలిస్త్రా మత్స్యకారుడని నిపుణుడు ధ్రువీకరిస్తే అభ్యంతరం లేదు.

ఇంకేం కావాలి, ఉన్నమాట చెప్పడమే కదా అని నాకు ప్రాణం లేచొచ్చింది.

విచారణకు నిపుణుడుగా డాక్టర్ ఫరాండో వచ్చాడు. కాలిస్త్రా మత్స్యకారుల మీద మూడు పుస్తకాలు రాసినవాడు. సముద్రం గాలి పడదని కొండ మీద ఉంటాడు. నూకన్న చుట్టూ రెండుసార్లు తిరిగి, వల ముడులు భూతద్దంతో చూసి, “నిస్సందేహముగా అసలు,” అన్నాడు. “ఈ ముడి ప్రాచీన కాలిస్త్రా ముడి. ప్రపంచమున మరెచ్చటను లేదు.”

“మా అయ్య నేర్పినాడు బాబూ,” అన్నాడు నూకన్న. “ఇసకపాలెం. సిక్కోలు జిల్లా. అక్కడ సిన్న పిల్లగుంటలు కూడా ఏస్తారీ ముడి.”

నేను చెప్పింది విని ఫరాండో చిరునవ్వు నవ్వాడు. “చూచితిరా, మా నావికులు అంత దూరము పోయి నేర్పియుండిరి. నా నాలుగవ పుస్తకమునకు ఇదే విషయము.”

అప్పుడు అమ్మమ్మ లేచింది. కర్ర పుచ్చుకుని, నా చెయ్యి వదిలించుకుని, బల్ల దగ్గరికి నడిచి వెళ్లింది. “నేను జెనోవియాను. మా నాన్న, తాత, ముత్తాత ఈ రేవులో చేపలు పట్టారు. మా అమ్మ వలలు కుట్టింది, నేనూ కుట్టాను. మా ముడి ఇది కాదు,” అని ఆ వల అందుకుని, ఒక ముడి వేసి చూపించింది. నూకన్న వంగి చూసి, “ఇదీ బాగుంది అమ్మమ్మా,” అన్నాడు తెలుగులో.

ఫరాండో ఆ ముడి వైపు చూడలేదు. వెరోనీ మేడమ్ కంప్యూటర్లో జెనోవియా అని కొట్టి, తెర మావైపు తిప్పింది. “సాక్షి ఫోటోలు సంవత్సరమునకు నాలుగు. అందులో మూడు మందుల దుకాణము కెమెరా తీసినవి. కాలిస్త్రా సంప్రదాయమును గూర్చి మాట్లాడుటకు తగిన దర్శనీయత సాక్షికి లేదు.”

నూకన్న అసలువాడని తేల్చి, విచారణ ముగించారు.

అమ్మమ్మను కూర్చోబెట్టి నీళ్లు పట్టిస్తుంటే నడవాలో గోడ మీద ఒక పెద్ద ఫోటో కనిపించింది. ఊరి మ్యూజియంలోని బంగారు కిరీటం, దాని పక్కన వెరోనీ మేడమ్. ఆ కిరీటం ఎక్కడో ఉత్తర దేశంలో ప్రదర్శనకు నలభై రోజులు ఎరువిచ్చారట. బయటి దేశం వాళ్లు అడిగారు కాబట్టి ఆనాడు ఊరంతా జెండాలు కట్టారట. గుమాస్తా గర్వంగా చెప్పాడు. నేను గ్లాసు అక్కడే పెట్టేసి బయటికొచ్చి ఇసకపాలేనికి ఫోను చేశాను.

పారమ్మ అన్నయ్య సూరాడ దానయ్య అక్కడి మత్స్యకార సంఘానికి కార్యదర్శి. మర్నాడే అతని పేరు మీద ఈమెయిల్లో ఉత్తరం వచ్చింది. మాటలు నావి. పదకొండేళ్లు ఆ ఊరి ఆఫీసుల్లో నిలబడి నేర్చుకున్న భాషంతా అందులో కుమ్మరించాను. “తూర్పు సముద్ర తీర ప్రజానీకము మీ విశ్వవిఖ్యాత దర్శనీయ స్థలము నంబరు పదమూడును కన్నులారా వీక్షింప ఉవ్విళ్లూరుచున్నది. నలుబది దినములు ప్రదర్శనార్థము ఎరువొసగ ప్రార్థన.” సంఘం గుండ్రటి రబ్బరు ముద్ర మూడుచోట్ల కొట్టించాను.

వెరోనీ మేడమ్ ఆ ఉత్తరం చదివి కళ్లు ఒత్తుకుంది. “ఖండాంతర ఖ్యాతి,” అంది. ఆ నిమిషంలోనే అనుమతి మంజూరు చేసింది. దేశంలోనే లేని మనిషి దేశం ఎలా దాటుతాడని విదేశీయుల శాఖ అడగలేదు. దాటేది వస్తువు.

ఆ సాయంత్రం నూకన్న నా చేతులు రెండూ పట్టుకుని ఏడ్చాడు. ఆరో తేదీకల్లా ఇంటి దగ్గరుండొచ్చని లెక్కవేసుకున్నాం.

కాని మండలిలో ప్యాకింగ్ ఉపసంఘం అని ఒకటి ఉంది. పదమూడో నంబరును కూర్చున్న భంగిమలో పంపాలా, నిలబెట్టి పంపాలా అన్న ప్రశ్న దాని ముందుకొచ్చింది. లక్ష ఫోటోల్లో ఎక్కడా నిలబడి లేడు కనక నిలబెట్టడం మార్పు కిందికి వస్తుందని ఇద్దరు, విమానం సీట్లో కూర్చోవడం మెట్టు మీద కూర్చోవడంతో సమానం కాదని ముగ్గురు. మెట్టును కూడా తవ్వి పంపితే బాగుంటుందని ఒకాయన. ఆ చర్చకు ఐదు రోజులు పట్టింది.

నాలుగో రోజు మధ్యాహ్నం రేవు నిండా జనం. క్యారేజీ కూడదన్నాక నేను తెస్తున్న రొట్టెల బుట్టలో గుడ్డ కింద నా ఫోను మోగింది. దానయ్య. నేను తాడు దాటి వెళ్లి, రొట్టె ఇస్తున్నట్టు బుట్ట నూకన్న మొహానికి దగ్గరగా పెట్టాను.

“బావా, ఆడగుంట,” అంది బుట్టలోంచి గొంతు. వెనకాల సన్నగా, కోపంగా, ఆపకుండా ఏడుపు.

నూకన్న బుట్టలోకి తల వంచాడు. వల ఒళ్లోంచి జారిపోయింది. “పారు ఎలగున్నాది? తల్లి బాగున్నాదా?” అని గొణుగుతున్నాడు. కన్నీళ్లు రొట్టె మీద పడుతున్నాయి. చుట్టూ నలభై, యాభై ఫోన్లు పైకి లేచాయి. ప్రాచీన మత్స్యకారుడు రొట్టెను చూసి కన్నీరు పెడుతున్న ఆ దృశ్యం ఆ ఏడు కాలిస్త్రా మీద వచ్చిన ఫోటోల్లోకెల్లా గొప్పదని బహుమతి ఇచ్చారు. ఆ తీసినవాడు ఆ రొట్టె పేదరికానికి చిహ్నమని రాశాడు.

ఆరో రోజున, నిలబడి నడిచి వెళ్లి కూర్చోవచ్చని ఉపసంఘం తేల్చింది. అతని మెడలో సీలు వేసిన చీటీ కట్టి, ఒక అధికారిని తోడిచ్చి విమానం ఎక్కించారు. నేను విమానాశ్రయం దాకా వెళ్లాను. గాజు తలుపు దాటేముందు నూకన్న వెనక్కి తిరిగి, చేతులెత్తి దణ్ణం పెట్టబోయాడు. భంగిమ మార్చకూడదని అధికారి గుర్తు చేశాడు.

ఇసకపాలెంలో ఏం జరిగిందో దానయ్య ఫోనులో చెప్పాడు. షామియానా వేశారట. మైకు కూడా పెట్టారట. తోడు వచ్చిన అధికారి రసీదు పుస్తకం తీసి, ప్రదర్శన నిర్వాహకుల సంతకం కావాలన్నాడు. పారమ్మ బాలింత, పిల్లను ఎత్తుకుని గుమ్మంలో నిలబడింది. ‘వస్తువు పూర్తిగా, చెక్కుచెదరకుండా అందినది’ అన్నచోట ఎడమ బొటనవేలు ముద్ర వేసింది. వేసి, మొగుడి మొహం రెండు నిమిషాలు చూసి, “ఇంతలా సిక్కిపోనాడేటి? ఏటి సెక్కుసెదరనేదు?” అని అధికారిని నిలదీసింది. ఆయనకు తెలుగు రాదు కనక బతికిపోయాడు.

నలభై రోజులు గడిచాయి. గడువు దాటిందని మండలి తాకీదు పంపింది. దానయ్య జవాబు రాయలేదు. రెండో తాకీదు, మూడో తాకీదు. చివరికి వస్తువును పరీక్షించి వెనక్కి తెచ్చేందుకు వెరోనీ మేడమ్ డాక్టర్ ఫరాండోనే పంపింది. ఆయన మూడు రోజులుండి ఒంటరిగా తిరిగొచ్చాడు. వచ్చేటప్పటికి ముక్కు మీద చర్మం ఎండకు ఊడిపోయి ఉంది, చేతిలో ఎండు చేపల మూట ఉంది. ఆయన నివేదిక తెలుగులోకి మార్చి నూకన్నకు తెలపమని నాకు పంపారు. ఆదివారం ప్రార్థన అయ్యాక ఫోను చేశాను.

“ఏటి రాసినాడప్పా ఆ డాట్రు?”

చదివాను. “వస్తువు గుర్తింపరాని విధముగా మారిపోయినది. గడ్డము లేదు. చొక్కా కొత్తది. బరువు ఆరు కిలోలు పెరిగినది. వస్తువు వేకువనే తెప్ప మీద సముద్రముపైకి పోయి నిజముగా చేపలు పట్టుచున్నది. వల యందు రంధ్రములు లేవు. ఒక పసిబిడ్డను చూచినప్పుడెల్ల వస్తువు నవ్వుచున్నది. ఎంత వారించినను మానలేదు. మరమ్మతునకు అవకాశము లేదు. జాబితా నుండి తొలగించడమైనది.”

అటు పిల్ల ఏదో అంటోంది, సముద్రం హోరు వినిపిస్తోంది.

“అంటే నాను పాడైపోనానా అప్పా?”

“పూర్తిగా పాడైపోయావురా తమ్ముడూ.”

“మంచిది,” అన్నాడు నూకన్న. “పిల్లకి నీ పేరు పెడదామంటంది పారు. సువార్తంటే ఏటర్థం?”

“మంచి కబురని.”

“అయితే పెట్టీమను,” అని లోపలికి కేకేసి చెప్పాడు.

ఆ మధ్యాహ్నం అమ్మమ్మను రేవుకు తీసుకెళ్లాను. మెట్ల చుట్టూ తాడు తీసేశారు. పలక ఊడబెరికిన చోట నాలుగు కన్నాలు మిగిలాయి. అమ్మమ్మ మూడో మెట్టు మీద కూర్చుంది. నేను పక్కన కూర్చుని జరిగింది చెప్పాను. పిల్ల పేరు ఆవిడకు నోరు తిరగలేదు, నాలుగైదుసార్లు అని చూసుకుంది. నీళ్లు మెట్ల దాకా వచ్చి పోతున్నాయి.

ఓడ దిగిన ఒకాయన మా ఎదురుగా వచ్చి నిలబడ్డాడు. చేతిలో పాత గైడ్ పుస్తకం, రెండో చేతిలో ఫోను. మర్యాదగానే, చేత్తో సైగ చేస్తూ ఇంగ్లీషులో అడిగాడు. ఇక్కడ అసలైన కాలిస్త్రా మత్స్యకారుడు కూర్చునేవాడట, ఆ ఖాళీ మెట్టును ఫోటో తీసుకోవాలి, మీరిద్దరూ కొంచెం లేచి పక్కకు తప్పుకుంటారా అని.

అమ్మమ్మ తలెత్తి ఆయన్ని చూసింది. తర్వాత ఆ ఊరి భాషలో, రేవు భాషలో, తాపీగా, చాలాసేపు ఏదో చెప్పింది. వాళ్ల నాన్న, తాత, ముత్తాత వాడిన మాటలన్నీ అందులో వచ్చాయి.

ఆయన ఆసక్తిగా విని, ఆవిడ ఏమన్నారో కాస్త చెబుతారా అని నన్ను అడిగాడు.

నాకా భాష రాదండీ అన్నాను.